ఆరేళ్ళుగా నడుపుతున్న సక్షన్ ట్రక్కు: హోస్ పట్టుకునేవాడి రివ్యూ

మురుగు లాగే ఈ బండి మా చేతికొచ్చి ఆరేళ్ళు దాటింది. 8,000 లీటర్ల ట్యాంకు. మధ్యలో అడ్డుగోడ పెట్టి 6,000 లీటర్లు మురుగుకి, 2,000 లీటర్లు జెట్టింగ్ నీళ్ళకి (పైపుల్లో పూడికని ప్రెషర్‌తో కొట్టే నీళ్ళు) విడదీశారు. వేన్ పంపు, 4 అంగుళాల సక్షన్ హోస్, హైడ్రాలిక్‌తో పూర్తిగా తెరుచుకునే వెనక తలుపు. కంపెనీ పేరు రాయడం లేదు. చాసిస్ ఒకరిది, ట్యాంకు కట్టింది ఇంకొకరు, పంపు మరొకరిది. ఏ ఒక్క పేరు రాసినా మిగతా ఇద్దరి మంచిచెడ్డలు కూడా వాళ్ళ ఖాతాలో పడతాయి.

ఇలాంటి బండి కొనబోయేవాళ్ళు, దానిమీద పనిలో చేరబోయే కుర్రాళ్ళు చదువుతారని రాస్తున్నాను. అమ్మేవాళ్ళిచ్చే కాగితంలో ట్యాంకు సైజు, ఇంజిన్ పవర్, పంపు కెపాసిటీ పెద్ద అక్షరాలతో ఉంటాయి. నేను చూసేది వేరు. పని మధ్యలో ఏదైనా ఇరుక్కున్నా, ఆగిపోయినా, లోపల పడిపోయినా "నేను దిగి తీస్తా అన్నా" అని హెల్పర్ అనే పరిస్థితి ఈ బండి తెస్తుందా, తప్పిస్తుందా? ఈ ఆరేళ్ళలో మా బ్యాచ్‌లో ఒక్కరు కూడా మ్యాన్‌హోల్‌లోకి దిగలేదు. అందులో బండి చేసిందెంత, దానికి మేం చేయించుకున్న మార్పులు చేసిందెంత అన్నది విడదీసి చెప్తాను.

ముందు సక్షన్ సంగతి. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "పంపు నీళ్ళని లాగదురా. ట్యాంకులో గాలి తీసేస్తుంది, అంతే. నెట్టేది బయటి గాలి." అది బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే. బయటి గాలి నెట్టడానికి ఒక హద్దు ఉంది. పాదరసం లెక్కలో 760 మిల్లీమీటర్లు, నీళ్ళ లెక్కలో సుమారు 10.3 మీటర్లు. బావుల్లో పంపులు పది మీటర్లు దాటి నీళ్ళు ఎందుకు ఎక్కించలేకపోతున్నాయని ఇటలీలో తలలు పట్టుకున్న రోజుల్లో, 1643లో టోరిచెల్లీ పాదరసం గొట్టంతో తేల్చింది ఇదే. ఎంత ఖరీదైన పంపు పెట్టినా ఆ హద్దు దాటదు. మా బండి వాక్యూమ్ గేజ్ ముల్లు పనిలో 500 నుంచి 550 మిల్లీమీటర్ల మధ్య నిలబడుతుంది. లెక్క ప్రకారం సుమారు ఏడు మీటర్లు ఎక్కాలి. అది శుభ్రమైన నీళ్ళకి. ఇసుక కలిసిన మడ్డి అయినప్పుడు, 30 మీటర్ల హోస్ వేసినప్పుడు, హోస్ ముక్కల్ని కలిపే ఏదో ఒక కప్లింగ్ సన్నగా గాలి పీలుస్తున్నప్పుడు ఐదు మీటర్లు వస్తే సంతోషించాలి.

అంతకంటే లోతైన చాంబర్‌కి ఒక కిటుకు ఉంది. హోస్ మూతిని మొత్తం ముంచకూడదు. సగం మురుగులో, సగం గాలిలో ఉండేలా పట్టుకుంటే, దూసుకొచ్చే గాలి మురుగుని గుక్కలు గుక్కలుగా పైకి మోసుకొస్తుంది. హోస్ చేతిలో దడదడా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు బట్టే ఏం ఎక్కుతోందో తెలిసిపోతుంది. నీళ్ళయితే గలగలమంటుంది, ఇసుకైతే బరబర గీరుకుంటుంది, గుడ్డపీలికల ఉండ వస్తే చప్పుడు ఒక్క క్షణం ఆగి ధబ్బుమంటుంది. ఈ పద్ధతికి గాలి బాగా కదలాలి. వేన్ పంపు తక్కువ పడేది ఇక్కడే. వాక్యూమ్ గట్టిగా పడుతుంది గానీ, నిమిషానికి కదిలించే గాలి, పెద్ద బ్లోయర్‌తో గాలి లాగే బండ్లతో పోలిస్తే చాలా తక్కువ. మీ పనిలో ఎక్కువ భాగం ఆరు మీటర్లు దాటిన చాంబర్లయితే ఈ బండి తీసుకోవద్దు. సెప్టిక్ ట్యాంకులు, వీధి డ్రైనేజీ, మూడు నాలుగు మీటర్ల మ్యాన్‌హోల్స్ అయితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు.

పంపు గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ బండికి ప్రాణం అదే. ఇంతకుముందు నేను నడిపిన బండికి లిక్విడ్ రింగ్ పంపు ఉండేది. దాంట్లో సీలింగ్‌కి నూనె బదులు నీళ్ళు. తడి వచ్చినా, నురుగు వచ్చినా పెద్దగా పట్టించుకునేది కాదు. కాకపోతే ఎండలో ఆ నీళ్ళు వేడెక్కేకొద్దీ వాక్యూమ్ పడిపోయేది, మధ్యాహ్నానికి పని నత్తనడక నడిచేది. ఈ వేన్ పంపు ఉదయం ఎంత పట్టు పట్టిందో సాయంత్రం కూడా అంతే పడుతుంది. కానీ దీనికి ఒళ్ళు సున్నితం. లోపల తిరిగే రోటర్ గాడుల్లో పలకలు ఉంటాయి, అవే వేన్లు. రోటర్ తిరిగినప్పుడు అవి బయటికి జరిగి గోడకి ఆనుకుని గాలిని తోస్తాయి. ఆ ఆనిక మధ్య సన్నని నూనె పొర ఉండాలి. చుక్క చుక్కగా నూనె పడటం పైన అద్దంలోంచి కనిపిస్తుంది. పొద్దున బండి తీసేముందు నేను మొదట చూసేది ఆ చుక్కల్నే. డీజిల్, టైర్లు, లైట్లు అన్నీ ఆ తర్వాతే.

రెండో ఏడాది ఒక బట్టలుతికే యూనిట్ వెనక ఉన్న చాంబర్ ఖాళీ చేస్తున్నాం. పైకి చూస్తే మామూలు బూడిదరంగు నీళ్ళు. ట్యాంకు సగం కూడా నిండలేదు, పంపు మోత మారింది. గొంతులో ఏదో అడ్డం పడినట్టు బొంగురుగా. ఎగ్జాస్ట్ వైపు చూస్తే తెల్లటి నురుగు ముద్దలు ముద్దలుగా కారుతోంది. సబ్బునీళ్ళు వాక్యూమ్‌లో పడగానే పొంగిపోయాయి. ట్యాంకు నిండగానే దారి మూసేయడానికి లోపల ఒక తేలే బంతి ఉంటుంది. అది నీటిమీద తేలుతుంది గానీ నురుగు మీద తేలదు. నురుగు దాన్ని దాటుకుని, పంపులోకి తడి పోకుండా ఆపే రెండో ట్రాప్ కూడా నింపేసి, నేరుగా పంపులోకి వెళ్ళింది. వెంటనే పీటీఓ (ఇంజిన్ బలాన్ని పంపుకి అందించే గేరు) తీసేశాను. నూనె తెల్లగా, చిలికినట్టు అయిపోయింది. ఆ సాయంత్రం పంపులోకి అర లీటరు డీజిల్ పీల్పించి, నెమ్మదిగా తిప్పి, కడిగి, కొత్త నూనె పోశాం. అయినా ఒక వేన్ అంచు చిట్లింది. దాన్ని చేత్తో పట్టుకుని చూస్తే, గోరంత ముక్క పోయింది, అంతే. ఆ గోరంత ముక్క వల్ల గేజ్ 550 నుంచి 430కి పడిపోయింది.

ఇందులో బండి తప్పు ఎంత? నురుగు గురించి మాన్యువల్‌లో ఒక్క లైను లేదు. ఆ రెండో ట్రాప్‌కి అద్దం కూడా లేదు, లోపల ఏముందో తెలియాలంటే కింద కాక్ తిప్పి చూడాల్సిందే. ఇప్పుడు దానికి పారదర్శకమైన గిన్నె పెట్టించాం. సబ్బు అనుమానం ఉన్న చోట ముందే ట్యాంకులోకి కొంచెం డీఫోమర్ (నురుగు అణిచే మందు) లాగుతాం, ఇంజిన్ స్పీడు తగ్గిస్తాం, ట్యాంకు మూడింట రెండు వంతుల దగ్గర ఆపేస్తాం. ఆ తర్వాత మళ్ళీ అలా జరగలేదు.

ఇక అసలు కోపం. ఎగ్జాస్ట్ పైపు.

కొత్తలో ఈ బండికి పంపు ఎగ్జాస్ట్ కుడివైపు, మనిషి నడుము ఎత్తులో, పక్కకి తిరిగి ఉండేది. కంట్రోల్ లీవర్లు కూడా కుడివైపే. డిజైన్ చేసినవాళ్ళు ఒక్కరోజు ఆ లీవర్ పట్టుకుని నిలబడి ఉంటే ఆ పైపు అక్కడ పెట్టేవాళ్ళు కాదు. ట్యాంకులోంచి పంపు తీసే గాలి ఎక్కడికి పోతుందో ఆలోచించండి. ఆ గాలి మురుగు మీద నిలిచిన గాలి. ఏళ్ళ తరబడి కదలని మడ్డిని కదిలిస్తే, దాంట్లో ఇమిడి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా వదులుతుంది. అది పంపు గుండా వచ్చి ఆపరేటర్ పక్కనే బయటపడుతుంది. మ్యాన్‌హోల్‌కి పది మీటర్ల దూరంలో ఉన్నాం కదా అని ధీమాగా ఉంటాం, కానీ మ్యాన్‌హోల్‌లోని గాలిని మనమే గొట్టం వేసి మన ముక్కు దగ్గరికి తెచ్చుకుంటున్నాం.

ఆ గ్యాస్ గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కుళ్ళిన గుడ్డు వాసన అంటారు. ఒక పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు) లోపే ముక్కుకి తెలుస్తుంది. అందుకే చాలామంది "వాసన వస్తే పక్కకి జరుగుతాం" అనుకుంటారు. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయినట్టు అనిపిస్తుంది. గ్యాస్ పోలేదు, పెరిగింది. ప్రాణానికి తక్షణ ప్రమాదం అని అమెరికా నియోష్ సంస్థ గీసిన గీత కూడా ఆ 100 పీపీఎమ్మే. 500 దాటితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. వెయ్యి ఉంటే ఒకటి రెండు శ్వాసల్లో మనిషి కూలిపోవచ్చు. పైగా గాలికంటే బరువు, కిందకి దిగి నిలిచిపోతుంది.

మూడో నెలలో నా చొక్కా జేబు దగ్గర తగిలించుకున్న డిటెక్టర్ లీవర్ల దగ్గరే మోగింది. 10 దగ్గర మొదటి అలారం, చూస్తుండగానే 26. చాంబర్ దగ్గరున్న హెల్పర్ డిటెక్టర్ మాత్రం నిశ్శబ్దంగా ఉంది. అంటే హోస్ దగ్గరున్నవాడు బాగున్నాడు, బండి దగ్గరున్నవాడికి గ్యాస్ తగులుతోంది. ఆ వారమే పైపుని వెల్డింగ్ చేయించి ట్యాంకు పైకి, నా తలకి మీటరున్నర ఎత్తుకి లేపించాం. అప్పట్నించి లీవర్ల దగ్గర డిటెక్టర్ మోగలేదు. కంపెనీ వాళ్ళకి ఫొటోలు పంపితే "మీరు చేసిన మార్పు వారంటీలోకి రాదు" అని జవాబిచ్చారు. ఈ బండికి నేను మార్కులు ఎక్కువ తగ్గించేది దీనికే. కొనేముందు కంట్రోల్ ప్యానెల్ దగ్గర నిలబడి, ఎగ్జాస్ట్ ఎటువైపు తిరిగి ఉందో మీ కళ్ళతో చూసుకోండి.

డిటెక్టర్ బండితో రాలేదు, విడిగా కొన్నాం. నాలుగు గ్యాస్‌ల రకం: ఆక్సిజన్, మండే గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. మూత పూర్తిగా తీయకముందే, మూతకున్న కన్నంలోంచి గొట్టం దించి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల చూడాలి. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగున ఉంటుంది. ఒక్క చోట చూసి బాగుందంటే కుదరదు. ఇంకో విషయం నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. వెనక తలుపు గాస్కెట్‌కి (గాలి పోకుండా అంచున ఉండే రబ్బరు పట్టీ) కొట్టే సిలికాన్ స్ప్రే డబ్బా, డిటెక్టర్ ఒకే పెట్టెలో పెట్టేవాళ్ళం. మండే గ్యాస్ సెన్సర్‌కి సిలికాన్ ఆవిరి విషం. పైకి స్క్రీన్ మీద సున్నా చూపిస్తూనే ఉంది, లోపల సెన్సర్ చచ్చిపోయింది. పొద్దున టెస్ట్ గ్యాస్ పట్టినప్పుడు సూది కదలనట్టు అలాగే సున్నా మీద నిలబడితే బయటపడింది. టెస్ట్ గ్యాస్ పట్టే అలవాటు లేకపోతే ఎన్నాళ్ళు ఆ సున్నాని నమ్మేవాళ్ళమో! ఇప్పుడు గాస్కెట్‌కి సిలికాన్ లేని గ్రీజు వాడుతున్నాం.

హోస్, కప్లింగ్‌లు మొత్తమ్మీద బాగున్నాయి. లోపల నునుపు, బయట చుట్టలు, మెలి తిప్పితే ఒరుసుకోదు. ఆరు మీటర్ల ముక్క నిండా నీళ్ళుంటే ఒక్క నీళ్ళ బరువే దాదాపు 49 కిలోలు, కాబట్టి ఇద్దరు లేకుండా ఎత్తకండి. రబ్బర్ రింగులు మాత్రం నాసిరకం ఇచ్చారు, ఆరు నెలల్లో అన్నీ మార్చాం.

హోస్‌కి ఒక పెద్ద లోపం ఉంది. వాక్యూమ్ వదిలేసే వాల్వ్ పంపు పక్కన ఉంది. హోస్ మూతి దగ్గర లేదు. 4 అంగుళాల మూతికి ఏదైనా గట్టిగా అతుక్కుంటే, గేజ్ 500 ఉన్నప్పుడు దాన్ని పట్టుకునే బలం 50 కిలోల పైన. మా హెల్పర్ (తమ్ముడు అని పిలుస్తాను) ఒకసారి మూతికి అడ్డం పడిన ప్లాస్టిక్ సంచిని చేత్తో లాగబోయాడు. సంచి లోపలికి పోయింది, దాని వెంట గ్లౌజు, గ్లౌజులో చెయ్యి. అరిచాడు. పంపు మోతలో నాకు వినపడలేదు. నోరు తెరిచి ఉండటం చూసి లీవర్ కొట్టాను. లీవర్ కొట్టినా హోస్‌లో ఉన్న వాక్యూమ్ వెంటనే పోదు, మూడు నాలుగు సెకన్లు పట్టింది. మణికట్టు దాకా నల్లగా కమిలిపోయింది, మూడు వారాలు పని మానేశాడు. వేలు పోలేదు, అదే అదృష్టం. తర్వాతి వారం హోస్ చివర T ఆకారపు పైపు ముక్క ఒకటి బిగించి, దానికి పావు తిప్పుతో తెరుచుకునే వాల్వ్, వాల్వ్‌కి తాడు కట్టాం. తాడు లాగితే అక్కడికక్కడే గాలి లోపలికి పోయి మూతి పట్టు వదిలేస్తుంది. చిన్న ఇనుప ముక్క అది. ఫ్యాక్టరీలోనే పెట్టి ఇవ్వాల్సింది.

అదే పట్టు ఇంకోరోజు మాకు పనికొచ్చింది. నాలుగు మీటర్ల మ్యాన్‌హోల్, చుట్టూ కట్టిన ఫ్రేమ్ పగిలి పలకలాంటి కాంక్రీట్ ముక్క లోపల పడింది. సరిగ్గా బయటికిపోయే పైపు మూతికి అడ్డంగా. జెట్టింగ్ చేస్తే నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. ముక్క పైకి కనిపిస్తూనే ఉంది, ఒక అడుగు వెడల్పు, చేతికి అందేలా ఉంది అనిపిస్తుంది. తమ్ముడు బూట్లు సర్దుకుని మెట్టు మీద కాలు పెట్టేశాడు. "రెండు నిమిషాలు అన్నా, ఊపిరి బిగబట్టి తీసుకొచ్చేస్తా." బెల్టు పట్టుకుని వెనక్కి లాగాను. మాటలతో ఒప్పించే ఓపిక లేక డిటెక్టర్‌ని తాడుకి కట్టి దించాను. రెండు మీటర్ల దగ్గరే మోగింది. పైకి తీసి పీక్ రీడింగ్ చూపించాను: హైడ్రోజన్ సల్ఫైడ్ 64 పీపీఎం, ఆక్సిజన్ 17.3 శాతం. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే చాలు, ప్రమాదం అంటారు. తమ్ముడు ఆ అంకెల్ని కాసేపు చూసి, మెట్టు మీద నుంచి కాలు తీసి, మ్యాన్‌హోల్‌కి కాస్త దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

ఆ తర్వాత పాత టైరు ట్యూబ్ కోసి హోస్ మూతి చుట్టూ మెత్తగా గుబ్బలా చుట్టాం. హోస్‌ని పైనుంచి దించి, కాంక్రీట్ పలక నునుపు వైపు ఆనేలా నెట్టి, వాక్యూమ్ పెట్టాం. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి గేజ్ ముల్లు ఒక్కసారిగా 480కి లేచింది. పట్టింది. హోస్ మీద నమ్మకం పెట్టకుండా, దాని చివర విడిగా కట్టిన ఇంకో తాడు మీదే బరువు ఉంచి, ఇద్దరం నెమ్మదిగా పైకి లాగాం. అంచు మీదికి రాగానే వాల్వ్ తాడు లాగితే పలక దభీమని రోడ్డు మీద పడింది. తూకం వేయలేదు గానీ ఇరవై కిలోలు ఉంటుంది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఈ బండికి నేను మంచి మార్కులు వేస్తున్నానంటే ఆ నలభై నిమిషాల వల్లే. పంపు అంతసేపు ముల్లు కదలకుండా పట్టి ఉంచింది. పాత బండి అయితే వదిలేసేది.

జెట్టింగ్ వైపు పెద్దగా చెప్పడానికి లేదు, బాగా పనిచేస్తుంది. 150 బార్ ప్రెషర్, నాజిల్ వెనక్కి చిమ్మే ధారలే దాన్ని ముందుకి నడిపిస్తాయి. కింది మ్యాన్‌హోల్ నుంచి పైవైపుకి పంపాలి, అప్పుడే కదిలిన పూడిక మన వైపుకి వస్తుంది, మనం లాగేసుకోవచ్చు. కొత్తవాళ్ళకి ఒక జాగ్రత్త: పొట్టి నాజిల్ వెడల్పు పైపులో వెనక్కి తిరిగి మన మీదికే రాగలదు. నాజిల్ వెనక పైపు వ్యాసం కంటే పొడవైన గట్టి ముక్క ఉండాలి. ఆ ముక్క బండితోపాటే ఇచ్చారు, మెచ్చుకోవాలి. హోస్ చివరి మూడు మీటర్లు వేరే రంగులో ఉంది కాబట్టి చుట్టేటప్పుడు నాజిల్ దగ్గరికొచ్చిందని ముందే తెలుస్తుంది, ప్రెషర్ కట్టేయొచ్చు. ఆ ధార చర్మంలోకి దిగితే పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, లోపల కండంతా మురికి నిండుతుంది. ఏమీ కాలేదని ఇంటికి వెళ్ళకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. గట్టిపడిన కొవ్వు దగ్గర మాత్రం ఈ బండి కష్టపడుతుంది, అది ఏ బండికైనా కష్టమే. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద దొరికిన కొవ్వుగడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. సింకులో పోసిన నూనె, టాయ్‌లెట్‌లో వేసిన తడి వైప్స్ కలిసి అలా రాయిలా తయారవుతాయి. ఇళ్ళవాళ్ళకి వైప్స్ వేయొద్దని చెప్పడం కూడా మా పనిలో భాగమే అనుకుంటాను, ప్రతిచోటా చెప్తాను.

ట్యాంకు విషయంలో ఒక హెచ్చరిక. 6,000 లీటర్లు అని నిండా ఇసుక పూడిక నింపకండి. నీళ్ళయితే ఆరు టన్నులు, పేరుకున్న తడి ఇసుక లీటరుకి రెండు కిలోల దాకా తూగుతుంది. ఇరుసు దాన్ని మోయలేదు. సగం నిండిన నీళ్ళ ట్యాంకు ఇంకో రకం ప్రమాదం. బ్రేకు వేసిన తర్వాత లోపలి నీళ్ళు వచ్చి వెనక నుంచి తోస్తాయి, బండి ఆగినట్టే ఆగి మళ్ళీ ముందుకి కదులుతుంది. ఐదో ఏడాది ట్యాంకు రేకు మందం కొలిపించాం. అడుగున 6 మిల్లీమీటర్లు అలాగే ఉంది. పైకప్పు మాత్రం 4.7కి వచ్చింది. మురుగు తగిలే చోట కాదు, గ్యాస్ తగిలే చోట తింటోంది. తడి గోడ మీద బ్యాక్టీరియా ఆ గ్యాస్‌ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, కాంక్రీట్ మురుగు పైపులు పైవైపు నుంచి కూలిపోవడానికి కారణం కూడా ఇదే. లోపల ఎపాక్సీ పూత ఉన్న ట్యాంకు దొరికితే తీసుకోండి. రోజూ పని అయ్యాక లోపలి పైకప్పు కూడా కడగండి.

వెనక తలుపు హైడ్రాలిక్, ట్యాంకు లేచే ఎత్తు అన్నీ బాగున్నాయి, మడ్డి ముందు మూలల్లో మిగిలిపోదు. తలుపు కింద పెట్టే ఆపుడు కడ్డీ పెట్టకుండా దాని కిందకి వెళ్ళకూడదు, ప్రెషర్ గేజ్ సున్నా చూపించకుండా బోల్టు ముట్టుకోకూడదు. చేతులు కడుక్కోవడానికి 20 లీటర్ల చిన్న ట్యాంకు, సబ్బు పెట్టె ఇచ్చారు. లెప్టోస్పైరోసిస్, హెపటైటిస్ ఏ లాంటివి చేతుల నుంచి నోటికి, గాయాలకి చేరే పని మాది, కాబట్టి ఆ ట్యాంకు పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళకి దండం. కుళాయిని మాత్రం మురికి చేత్తోనే తిప్పాలి. కాలితో నొక్కేది పెట్టించాం. మోత ఎక్కువ, పంపు పక్కన మాట్లాడాలంటే అరవాల్సిందే. 85 డెసిబెల్స్ దాటిన చోట రోజూ గంటల తరబడి ఉంటే చెవులు దెబ్బతింటాయి, ఇయర్ మఫ్స్ మీరే కొనుక్కోవాలి.

సర్వీస్ సంగతి: ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, విడిభాగాలు పంపడానికి మాత్రం నెల తీసుకుంటారు. వేన్ల సెట్ ఒకటి, గాస్కెట్ ఒకటి, తేలే బంతి ఒకటి బండితోపాటే అదనంగా అడిగి తీసుకోండి.

మా దగ్గర రెండో బండికి ఆర్డర్ పెట్టబోతున్నారు, ఏది కావాలని నన్ను అడిగారు. ఇదే మోడల్ అన్నాను. ఎగ్జాస్ట్ పైకి ఉండాలి, హోస్ మూతి దగ్గర వాల్వ్ ఉండాలి, రెండో ట్రాప్‌కి అద్దం ఉండాలి, ఇవి ఆర్డర్ కాగితంలో రాయించాను. బండి వచ్చిన రోజు నేనే దగ్గరుండి తీసుకుంటాను. ఖాళీ ట్యాంకుకి తలుపు బిగించి, 500 దాకా వాక్యూమ్ తెచ్చి, పంపు ఆపేసి, పది నిమిషాలు ముల్లు చూస్తూ నిలబడాలి. మొదటి బండికి ఆ పని చేయలేదు. మూడు వారాల తర్వాత, తలుపు గాస్కెట్ ఒక మూల మడతపడి ఉందని, అన్ని రోజులూ పంపు దాని గుండా ఊరికే గాలి పీలుస్తోందని తెలిసింది.